రెసిడెన్సీ ప్రేమకథ – నిర్మల్ మర్రిచెట్టు

హైదరాబాదు కోటీలోని రెసిడెన్సీ భవనం గురించి ఎవరు రాసినా ముందు ఒక ప్రేమకథ చెప్పటం ఆనవాయితీ అయింది. ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, నిజాం దర్బారులోని కులీన కుటుంబానికి చెందిన ఖైరున్నీసా పరదాల చాటున ప్రేమించుకున్నారు. ఆయన మతం మారి రహస్యంగా నిఖా చేసుకున్నాడు. 2002లో విలియం డాల్రింపుల్ ‘వైట్ మొఘల్స్’ రాసిన తరువాత ఈ కథకు కొత్త ప్రచారం వచ్చింది. ఖైరున్నీసా నిజంగా బతికిన మనిషే. కాని మనకు పరిచయం చేస్తున్న ఖైరున్నీసా చాలావరకు కల్పిత నాయిక అని నా అభిప్రాయం. ఆ కల్పన దేన్ని మరుగుపరుస్తున్నదో కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల వైపు నుంచి చూడటం అవసరమనుకుంటున్నాను.

ముందు ఆమె సంగతి. కిర్క్‌పాట్రిక్ 1764లో పుట్టాడు. ఈ సంబంధం మొదలయ్యేనాటికి ఆయనకు ముప్పై అయిదేళ్లు, ఆమెకు సుమారు పధ్నాలుగేళ్లు. అప్పటికే ఇంకొక ఉమ్రావు ఇంటి కుర్రవాడికి ఆమెను మాట ఇచ్చి ఉన్నారు. పిల్ల తనంతట తానే వచ్చి ప్రేమ ప్రకటించిందని కిర్క్‌పాట్రిక్ తన అన్న విలియంకు రాసుకున్నాడు. తల్లి షరఫున్నీసాకు ఇదంతా తెలిసే జరిగింది. తరువాత 1801లో మద్రాసు గవర్నరు క్లైవు రహస్య విచారణ జరిపించి సైనికాధికారుల వాంగ్మూలాలు తీసుకున్నాడు. అక్కడ విచారించింది ఆ పిల్లకు ఏమైందని కాదు, రెసిడెంటు ఇంకా కంపెనీ మనిషేనా అని. ఆ రోజుల గురించి మనకు తెలిసినది దాదాపు అంతా మగవాళ్ల ఉత్తరాల నుంచీ, సర్కారు కాగితాల నుంచీ వచ్చినదే. వయసు మాట ఎత్తగానే “ఆనాటి ఆచారం” అంటారు. కావచ్చు. ఆచారాన్ని ఆనాటిదిగా చూడమనేవారు, ప్రేమ అనే మాటను మాత్రం ఈనాటి సినిమా నుంచి ఎందుకు తెస్తున్నట్టు?

ప్రచారంలో ఉన్న కథ 1805తో ఆగిపోతుంది. ఆ ఏడే నాలుగేళ్ల కొడుకునూ మూడేళ్ల కూతురినీ ఇంగ్లండుకు ఓడ ఎక్కించారు. తల్లి మళ్లీ వాళ్ల ముఖం చూడలేదు. అక్టోబరు 15న కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. పందొమ్మిదేళ్ల వితంతువు అతని సమాధి చూడటానికి కలకత్తా వెళ్లింది. అక్కడ ఆమెను చేరదీసినవాడు కిర్క్‌పాట్రిక్ కింద పనిచేసిన హెన్రీ రస్సెల్. ఈ సంబంధం బయటపడటంతో అప్పటి దివాను మీర్ ఆలం, ఆమెకు వరసకు తాత అయినవాడు, ఆమె హైదరాబాదులో అడుగు పెట్టకుండా చేశాడు. ఆమె మచిలీపట్నంలో ప్రవాసం గడిపింది. రస్సెల్ మద్రాసులో మరొకరిని పెళ్లాడాడు. ఖైరున్నీసా 1813లో ఇరవై ఏడేళ్లకు చనిపోయింది. ఫ్యూడల్ పరువూ కంపెనీ పరువూ కలిసి ఒక ఆడమనిషిని ఎట్లా నలిపేస్తాయో చెప్పటానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక కిర్క్‌పాట్రిక్ చేసిన ఉద్యోగం సంగతి. బడి పుస్తకాల్లో ‘సైన్యసహకార పద్ధతి’ అని ఒక పేరా ఉంటుంది. పిల్లలు బట్టీపట్టి మరిచిపోతారు. దాన్ని వెల్లెస్లీ కోసం హైదరాబాదులో అమలు జరిపినవాడు ఈ ప్రేమికుడే. 1798 సెప్టెంబరు 1న కుదిరిన సంధి ప్రకారం ఆరు వేల మంది కంపెనీ సిపాయిలను నిజాం భరించాలి, ఏటా 24,17,100 రూపాయలు చెల్లించాలి. ఫ్రెంచి అధికారుల చేతికింది సేనలను రద్దు చెయ్యాలి. అక్టోబరు 22న వాటి ఆయుధాలు లాగేసుకున్నారు. నిజాం రాజ్యంలో ఫ్రెంచివారి పాత్ర ఎంత పాతదో తెలియాలంటే మా జగిత్యాల కోట చూడాలి. ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో 1747లో కట్టారంటారు. జాక్, తాల్ అనే ఇద్దరి పేర్ల మీద ఊరికి ఆ పేరు వచ్చిందనే కథను నేను నమ్మను. కాని నక్షత్రం ఆకారంలో ఆ గోడలు, అగడ్త, ఫిరంగులు కళ్లెదుట ఉన్నాయి. 1798తో ఆ అధ్యాయం మూసుకుపోయింది. ఇంగ్లీషువారికి పోటీదారు లేడు.

రెండేళ్లకే, 1800 అక్టోబరు 12న, ఇంకొక సంధి. సిపాయిల జీతాల కింద బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలు కంపెనీకి శాశ్వతంగా పోయాయి. నిజాం తరఫున మాట్లాడిన దర్బారువారిని గానీ, కిర్క్‌పాట్రిక్‌ను గానీ ఆ సీమ రైతు ఒక్కడూ ఎరగడు. ఆ నేలకు ‘దత్తమండలాలు’ అని పేరు పడింది. ఆ పేరులోని అవమానం సహించలేకనే 1928 నంద్యాల సభలో రాయలసీమ అనే పేరు పెట్టుకున్నారు. సంధి కుదిరేనాటికి ఖైరున్నీసా గర్భవతి. కొడుకు 1801 మార్చి 4న పుట్టాడు. ఈ రెండు విషయాలను ఒకేచోట ఉంచి చూడమంటే, రసభంగం చేస్తున్నానని కొందరు మిత్రులు అన్నారు.

రస్సెల్ కథ అక్కడితో తీరలేదు. అతను 1811లో హైదరాబాదుకే రెసిడెంటుగా వచ్చాడు. ఇంగ్లీషు అధికారుల కింద, నిజాం ఖర్చుతో కొత్త సేనను తయారుచేశాడు. దానికి పేరు రస్సెల్ బ్రిగేడ్. అదే తరువాత హైదరాబాదు కాంటింజెంటు అయింది. దాని జీతాల కోసం చందూలాల్ పామర్ కంపెనీ దగ్గర పెద్ద వడ్డీకి అప్పులు తెచ్చాడు. ఆ పామర్ కూడా ఒక రెసిడెంటుకూ ఒక బేగంకూ పుట్టినవాడే! రెండు నాగరికతల కలయికకు వడ్డీ లెక్కల్లో మినహాయింపేమీ దొరకలేదు. తాలూకాలను గుత్తకిచ్చారు. గుత్తదారు దర్బారుకు కట్టిన సొమ్ముకు మించి ఊళ్ల మీద రాబట్టుకున్నాడు. మా కరీంనగర్ ప్రాంతం అప్పటికి ఎలగందల పేరుతో ఉండేది. ఇక్కడి రైతుకు రెసిడెంటు కనిపించడు, కనిపించేది గుత్తదారు మనిషే. చివరకు కాంటింజెంటు బాకీ కింద 1853లో బీరారు పోయింది. అంటే పెన్‌గంగ దాటితే ఆదిలాబాదు గోండులకు ఎదురుగా కంపెనీ పాలనే.

ఆ తరువాత ఏడేళ్లకు నిర్మల్. రాంజీ గోండు నాయకత్వాన గోండులు, వారితో కలిసిన రోహిల్లాలు తిరగబడ్డారు. వాళ్లను అణచటానికి బళ్లారి నుంచి పటాలం వచ్చిందని మా వైపు చరిత్ర రాసినవారు చెబుతారు. బళ్లారి అంటే 1800లో రాసిచ్చిన బళ్లారే. 1860లో రాంజీని, అతని అనుచరులను ఒక మర్రిచెట్టుకు ఉరితీశారు. వెయ్యి మంది అని జనశ్రుతి. అందుకే దాన్ని ‘వెయ్యి ఉరుల మర్రి’ అన్నారు. లెక్క ఎంతైనా, వాళ్లలో ఎవరు ఎవరిని ప్రేమించారో, ఎవరి భార్య ఏ ఊళ్లో ఎదురుచూసిందో ఏ గవర్నరూ విచారించలేదు.

కోటీ భవనం తోటలో రెసిడెన్సీకి ఒక చిన్న నమూనా ఉంది. పరదా దాటి రాలేని బేగం మొత్తం భవనం ఎట్లా ఉంటుందో చూసుకోవటానికి కిర్క్‌పాట్రిక్ కట్టించాడని చెబుతారు. ఆమె ఉన్న రంగ్‌మహల్‌ను మాత్రం తరువాతి రెసిడెంటు ఒకడు పడగొట్టించాడు. 1949 నుంచి ఆ భవనంలో మహిళా కళాశాల నడిచింది. మా జిల్లాల అమ్మాయిలు ఎందరో అక్కడ చదివారు. అది విశ్వవిద్యాలయమయ్యాక 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. విసునూరు దేశ్‌ముఖు మీద తన నాలుగెకరాల పంట కోసం నిలబడిన మనిషి పేరు. నిర్మల్‌లో ఆ మర్రిచెట్టు ఇప్పుడు లేదు.