లీజు తీరిన యంత్రాలు

పెళ్లి వీడియోల చరిత్ర ఎవరైనా రాస్తే కెమెరాల పేర్లు రాస్తారు. ముందు పానసోనిక్ ఎం9000, తర్వాత డీవీ క్యాసెట్ల సోనీలు, ఆ తర్వాత డీఎస్ఎల్ఆర్‌లు. ఆ క్యాసెట్లలోని జీలకర్ర బెల్లం దగ్గర్నుంచి అప్పగింతల దాకా మొత్తం మింగి, తెల్లారేసరికి మూడు డీవీడీలుగా కక్కిన డబ్బా ఊసెత్తేవాళ్లు లేరు. నా బతుకంతా ఆ డబ్బాతోనే గడిచింది. హన్మకొండలో వీడియో మిక్సింగ్ వాళ్లకూ, ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లకూ సికింద్రాబాద్ నుంచి పాత వర్క్‌స్టేషన్లు తెచ్చి, బాగుచేసి అమ్మి, అమ్మినవాటికే మళ్లీ రిపేర్లు చేస్తూ వచ్చాను. కొత్త కంప్యూటర్ అమ్మినవాడికి వారంటీ కాగితం అండ. నాలాంటివాడికి నోటి మాటే వారంటీ. అందుకే ఈ యంత్రాల పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియక తప్పలేదు.

వర్క్‌స్టేషన్లు మొదట ఇంజినీర్ల కోసం పుట్టాయి. 1980లో మసాచుసెట్స్‌లో అపోలో కంపెనీ మొదలైంది. 1982లో కాలిఫోర్నియాలో సన్ వచ్చింది, దాదాపు అప్పుడే సిలికాన్ గ్రాఫిక్స్ కూడా. పదిమంది ఒకే పెద్ద కంప్యూటర్ ముందు వంతుల కోసం కాచుక్కూర్చోకుండా, ఒక్కో ఇంజినీరుకు ఒక్కో బలమైన యంత్రం ఇవ్వాలన్నది వాళ్ల ఆలోచన. 1993లో వచ్చిన జురాసిక్ పార్క్ డైనోసార్లు సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రాల మీదే ప్రాణం పోసుకున్నాయి. అంత గొప్ప యంత్రాలు పాతబడ్డాక మాత్రం ఎందుకూ పనికిరాకుండా పోయాయి. సన్‌ది స్పార్క్ ప్రాసెసర్, సిలికాన్ గ్రాఫిక్స్‌ది మిప్స్. ఎవరి యూనిక్స్ వాళ్లదే. మన డీటీపీ వాళ్లకు కావలసిన పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు వాటి మీద నడవవు. సికింద్రాబాద్‌లో ఒక స్క్రాప్ గోదాంలో నీలం రంగు సిలికాన్ గ్రాఫిక్స్ ఓ2 డబ్బాను కళ్లారా చూశాను, కొత్తపెళ్లికొడుకులా మెరుస్తోంది. గోదాం వాడు దాన్ని కాటా మీద పెట్టి కిలోల లెక్కన ధర చెప్పాడు. వాడి తప్పు లేదు. నడిపే సాఫ్ట్‌వేర్ లేనప్పుడు అది ఇనుమూ ప్లాస్టిక్కే.

ఈ పరిస్థితి మారింది 1995 నవంబరులో ఇంటెల్ పెంటియం ప్రో వచ్చాక. మరుసటి ఏడాది విండోస్ ఎన్‌టీ 4 వచ్చింది, 1998లో జియాన్ పేరుతో ప్రాసెసర్లు మొదలయ్యాయి. అమెరికాలో కార్ల కంపెనీలు, విమానాల కంపెనీలు యూనిక్స్ యంత్రాలు వదిలి, సగం ఖర్చు కూడా కాని డెల్, హెచ్‌పీ వర్క్‌స్టేషన్ల వైపు తిరిగాయి. సన్‌ను 2010లో ఒరాకిల్ కొనేసింది, సిలికాన్ గ్రాఫిక్స్ 2009లో రెండోసారి దివాలా తీసి 42.5 మిలియన్ డాలర్లకు అమ్ముడుపోయింది. వాళ్ల పతనం గురించి పుస్తకాలున్నాయి. మాలాంటివాళ్లకు దానివల్ల జరిగిన మేలు గురించి ఎక్కడా చదవలేదు. ఆఫీసు కంప్యూటర్లోనూ, ఇంజినీరు వర్క్‌స్టేషన్లోనూ ఒకే జాతి ప్రాసెసర్ పడింది కాబట్టి, ఇంజినీరు వదిలేసిన యంత్రం మీద మా వీడియో ఎడిటింగ్ ఎడియస్, మా ఫొటోషాప్ నిక్షేపంగా నడిచాయి. సెకండ్‌హ్యాండ్ వర్క్‌స్టేషన్ వ్యాపారానికి పునాది ఇదే. మిగతాదంతా బేరసారాలు.

పునాది పడిందే గానీ తొలి రోజులు అంత సుఖంగా లేవు. 2000 ప్రాంతపు డెల్ ప్రెసిషన్లలో ర్యాంబస్ మెమరీ ఉండేది. ఆ ర్యామ్ మార్కెట్లో దొరకడమే గగనం, దొరికితే ధర చూసి కళ్లు తిరిగేవి. పైగా దానికో వింత నియమం. ఖాళీ స్లాట్ ఖాళీగా ఉండకూడదు. చిప్పులు లేని ఉత్త బిళ్ల ఒకటి అందులో పెట్టాలి, లేకపోతే యంత్రం లేవదు. ఏ గోదాంలోనో ఎవరో ఆ బిళ్లలు పనికిరాని ముక్కలనుకుని పారేసేవారు. అవి లేక, బంగారం లాంటి యంత్రాలు మూలన పడి ఉండేవి. బిళ్లలు దాచిపెట్టుకున్న షాపువాడి దగ్గరికి మిగతా షాపులవాళ్లు పోయి బతిమాలుకునేవాళ్లు.

సరుకు వరదలా రావడం హైటెక్ సిటీ ఎదిగాకే. సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. డిజైన్ పనులు చేసే కంపెనీలు యంత్రాలను లీజుకు తీసుకుంటాయి, మూడేళ్లో నాలుగేళ్లో అయ్యాక వదిలేస్తాయి. లెక్కల పుస్తకాలూ అదే చెబుతాయి. మన ఆదాయపు పన్ను చట్టం కంప్యూటర్లకు ఏడాదికి 60 శాతం తరుగుదల ఒప్పుకునేది, 2017-18 నుంచి దాన్ని 40కి తగ్గించారు. 60 లెక్కన నూరు రూపాయల యంత్రం విలువ మూడేళ్లకు పుస్తకంలో ఆరు రూపాయల నలభై పైసలు. యంత్రం మాత్రం కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఏసీ గదిలో, దుమ్ము తగలకుండా, రోజంతా యూపీఎస్ నీడన బతికిన యంత్రం అది. నేను కొనుక్కున్నది ఆ తేడానే.

అలాంటి యంత్రాలు లాట్లుగా వేలంలో పోయి, చివరికి సీటీసీకి చేరేవి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అది, ప్యారడైజ్‌కు దగ్గర్లోనే. బెంగళూరుకు ఎస్పీ రోడ్డు, ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, చెన్నైకి రిచీ స్ట్రీట్ ఎలాగో మనకు సీటీసీ అలాగ. కొత్త సరుకు బోర్డుల వెలుగులో ఉంటుంది. పాత సరుకు కోసం పై అంతస్తుల్లో, మెట్ల సందుల్లో, పక్క గల్లీల గోదాముల్లో తిరగాలి. "అన్నా, మిషన్ మంచిగుంది. గ్యారంటీ అంటవా, నీ ముందట ఆన్ అయ్యేదాంకనే" అని నవ్వుతూ చెప్పేవాడు నాకు బాగా అలవాటైన ఒక షాపతను. ఆ మాటలో మోసం లేదు, కాబట్టే అతని దగ్గరే కొనేవాణ్ని.

కొనేటప్పుడు పక్క తలుపు తీయించి చూడటం మొదటి పని. హెచ్‌పీ వాటికి పైన గొళ్లెం లాగితే తలుపు చేతిలోకి వస్తుంది, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. లోపల ఎక్కడ చెయ్యి వేసి లాగాలో అక్కడ ఆకుపచ్చ రంగు పూసి ఉంటుంది. తలుపు తీయగానే కనిపించే లోటు హార్డ్ డిస్కు. సమాచారం బయటికి పోకుండా కంపెనీ వాళ్లు డిస్కులు పీకి నాశనం చేయిస్తారు, ఆ తొందరలో డిస్కు కూర్చునే ప్లాస్టిక్ ట్రే కూడా వెళ్లిపోతుంది. చెప్పుకోవడానికి చిన్న ముక్క, వెతకడానికి వారం. తలుపు మీద కంపెనీ బార్‌కోడ్ స్టిక్కరు ఉంటుంది, దాన్ని పెట్రోలు గుడ్డతో తుడిస్తే పోతుంది.

మా వ్యాపారానికి స్వర్ణయుగం తెచ్చింది 2009 తరం. డెల్ టీ3500, టీ5500, హెచ్‌పీ జెడ్400, జెడ్600, జెడ్800 ఆ ఏడే వచ్చాయి. ప్రాసెసర్ పక్కన మూడేసి వరసల ర్యామ్, బరువైన రేకు డబ్బా, ప్రతి భాగమూ విడదీయడానికి వీలు. టీ5500లో రెండో ప్రాసెసర్ మదర్‌బోర్డు మీద ఉండదు. ర్యామ్‌తో కలిపి విడిగా ఒక నిలువు బోర్డు మీద వస్తుంది, కావాలంటే పెట్టుకోవచ్చు, లేదంటే తీసి పక్కన పెట్టొచ్చు. 2010లో ఇంటెల్ ఆరు కోర్ల తరం తెచ్చింది. ఎక్స్5650 అప్పట్లో 996 డాలర్లు. సర్వర్ల నుంచి ఊడదీసిన అవే ప్రాసెసర్లు ఐదారేళ్లకు సీటీసీలో అట్టపెట్టెల్లో బఠానీల్లా పోసి ఉండేవి. నాలుగు కోర్ల యంత్రం కొని, అందులో ఆరు కోర్లది దించితే, మిక్సింగ్ కుర్రాడికి రాత్రంతా పట్టే రెండర్ అర్ధరాత్రికే అయిపోయేది.

అయితే ఈ మార్పిడి అన్నిటికీ కుదరదు. అక్కడే తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా. జెడ్400 రెండు రకాలు. ర్యామ్ స్లాట్లు నాలుగే ఉంటే పాత బోర్డు, ఆరు కోర్లను ఒప్పుకోదు. ఆరు స్లాట్లుంటే ఒప్పుకుంటుంది. కరెంటు పెట్టకుండానే తలుపు తీసి చెప్పొచ్చు. జెడ్600, జెడ్800 అలా కంటికి దొరకవు. ఆన్ చేసి, ఎఫ్10 నొక్కి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బూట్ బ్లాక్ తేదీ చూడాలి. 2009 అని ఉంటే నాలుగు కోర్లతోనే కాపురం. 2010 అని ఉంటే అదృష్టం. బయోస్‌ను ఎన్నిసార్లు అప్‌డేట్ చేసినా ఆ తేదీ మారదు. 2012లో వచ్చిన జెడ్420, జెడ్620ల్లోనూ ఇదే కథ. 2011 తేదీ ఉన్న బోర్డు రెండో వెర్షన్ జియాన్లను తీసుకోదు, 2013 తేదీ ఉన్నది తీసుకుంటుంది. పైనుంచి చూస్తే రెండు యంత్రాలూ కవల పిల్లలు. నేను షాపులో కీబోర్డు అడగ్గానే అతనికి అర్థమైపోయేది. "తేదీ చూస్తవు గదా అన్నా, చూడు. 2013 అయితే రేటు వేరే."

ర్యామ్ దగ్గర ఇంకో గోతి ఉంది. సర్వర్ల నుంచి వచ్చిన రిజిస్టర్డ్ ర్యామ్ కారుచౌకగా దొరుకుతుంది. చూడ్డానికి మామూలు ఈసీసీ ర్యామ్ లాగే ఉంటుంది, స్లాటులో సరిగ్గా కూర్చుంటుంది కూడా. జెడ్620 దాన్ని తీసుకుంటుంది. జెడ్420 తీసుకోదు, ముందువైపు దీపం ఎర్రగా ఐదుసార్లు కొట్టుకుని ఐదు బీప్‌లు వేస్తుంది. ఐదంటే ర్యామ్, ఆరంటే గ్రాఫిక్ కార్డు, నాలుగంటే కరెంటు సరఫరా. ఫోన్‌లో కస్టమర్‌ను "బీప్‌లు ఎన్నొచ్చినయ్ తమ్మీ, లెక్కపెట్టు" అని అడిగి, దుకాణంలోంచి కదలకుండానే సగం రిపేర్లు తేల్చేవాణ్ని. ఐదైతే ర్యామ్ తీసి, బంగారు పూత అంచును పిల్లల రబ్బరుతో రుద్ది, మళ్లీ పెట్టమనేవాణ్ని. చాలాసార్లు అంతటితో లేచి కూర్చునేది.

ప్రాసెసర్ మార్చడంలో చెయ్యి వణక్కూడదు. 2009 తరం ప్రాసెసర్‌కు కాళ్లుండవు, కాళ్లు సాకెట్‌లో ఉంటాయి. వెంట్రుక లాంటి ఆ 1366 కాళ్లలో ఒకటి వంగినా ఒక వరస ర్యామ్ కనబడకుండా పోతుంది. భూతద్దమూ సూదీ పెట్టుకుని కూచోవాలి. పాత పేస్టు ఏళ్ల వేడికి సున్నంలా గట్టిపడి ఉంటుంది, హీట్‌సింక్‌ను నిటారుగా లాగకుండా ముందు కొంచెం అటూ ఇటూ తిప్పి వదులు చేయాలి. కొత్త పేస్టు బఠాణీ గింజంత చాలు. కుర్రాళ్లు వెన్న రాసినట్టు రాస్తారు, ఎంత చెప్పినా వినరు.

మా ఊళ్లలో ఈ యంత్రాలకు అసలు శత్రువు కరెంటు. 2012, 13ల్లో ఉమ్మడి రాష్ట్రంలో కోతలు ఎలా ఉండేవో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ప్రెసిషన్ టీ3500 ఎస్ఎంపీఎస్, అంటే పవర్ సప్లై, 525 వాట్లది, మంచి రకం. ఆ మంచితనమే చిక్కు తెచ్చింది. కరెంటును పొదుపుగా తీసుకునే ఆ రకం సప్లైకి చౌక యూపీఎస్‌లు ఇచ్చే చదరపు తరంగం పడదు. కరెంటు పోగానే యూపీఎస్ అందుకుంటుంది, యంత్రం మాత్రం ఠక్కున ఆగిపోతుంది. ముహూర్తాల సీజన్లో రెండర్ ముక్కాలు వంతు అయ్యాక అలా ఆగితే ఎడిటర్ ముఖం చూడలేం. సైన్ వేవ్ యూపీఎస్ కొనిపించడానికి నేను చేసినంత బోధ ఇంకే విషయంలోనూ చేయలేదు. యంత్రం ధరకు దగ్గర ధర పెట్టి యూపీఎస్ ఎందుకనేవాళ్లు. దానికి నా దగ్గర జవాబు ఉండేది గానీ, వాళ్ల జేబులో డబ్బుండేది కాదు.

ఇప్పుడు ఈ యుగం ముగుస్తోంది. అందుకు కారణం యంత్రాలు చెడిపోవడం కాదు. 2009 తరంలో ఏవీఎక్స్ ఆదేశాలు లేవు, అవి 2011 శాండీబ్రిడ్జ్‌తో వచ్చాయి. కొత్త సాఫ్ట్‌వేర్ అవి లేకుండా తలుపు తీయడం లేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది. విండోస్ 11 టీపీఎం 2.0 అడుగుతుంది, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం కావాలంటుంది. దొడ్డిదారిన ఎక్కించేవాళ్లున్నారు, నేనూ ఎక్కించాను. ఆ దెబ్బలను తట్టుకోవచ్చు. తట్టుకోలేనిది కెమెరా నుంచి వచ్చింది. ఇప్పటి సోనీలు పది బిట్ల 4:2:2 వీడియోను హెచ్.265లో నొక్కి ఇస్తాయి. దాన్ని విప్పే ప్రత్యేక విభాగం ఇంటెల్ మామూలు ప్రాసెసర్లలో గ్రాఫిక్స్‌తో పాటు ఉంటుంది, డెస్క్‌టాప్‌లలో పదకొండో తరం నుంచి ఈ రకం కూడా విప్పుతుంది. ఈ వర్క్‌స్టేషన్లలోని జియాన్ ఈ5లలో గ్రాఫిక్స్ విభాగమే లేదు. పద్నాలుగు కోర్ల జియాన్ టైమ్‌లైన్ మీద ఆయాసపడుతుంటే, పక్కనే ఆఫీసు గుమాస్తా కోసం తయారైన చిన్న ఐ5 డబ్బా హాయిగా ఆడిస్తుంది. ఇది చూసి నాకు మొదట్లో కోపమే వచ్చింది.

అందుకని ఎవరైనా వస్తే ముందు ఏం పని అని అడుగుతాను. ఆల్బమ్‌లే అయితే జెడ్440 తీసుకొమ్మంటాను. 2014 నాటిది, డీడీఆర్4 ర్యామ్, 64 జీబీ వేస్తే వంద లేయర్ల కరిజ్మా ఆల్బమ్ షీటు కూడా నవ్వుతూ తెరుస్తుంది. ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లకూ అదే చాలు. వీడియో అయితే లీజు తీరిన పన్నెండో తరం ఆఫీసు డెస్క్‌టాప్ చూడమంటాను. అవీ సీటీసీకే వస్తున్నాయి, అదే గోదాములోకి, అదే బార్‌కోడ్ స్టిక్కర్లతో. మొన్న ఫోన్ చేస్తే మా షాపతను జెడ్800 జత ఉందన్నాడు, రెండింటికీ 2010 తేదీ అట. ఎవరికి కావాలని అడిగితే, వాటిలోని ర్యామ్ కోసం సర్వర్ల వాడొకడు అడుగుతున్నాడన్నాడు. ర్యామ్ అతనికి ఇచ్చేసి, ఎస్ఎంపీఎస్‌లు రెండూ నాకు తీసి పెట్టమన్నాను. పరకాలలో ఒక ఫొటో ల్యాబ్‌లో ఇంకో జెడ్800 నడుస్తోంది, దానికి ఎప్పటికైనా కావాలి.