చెరసాలలోని కష్టానికి కూలి ఎంత?

హైదరాబాదు చంచల్‌గూడలో జైళ్ల శాఖవారి పెట్రోలు బంకును మీలో అనేకులు చూచియుందురు. జైలు గోడల లోపల కూడ మగ్గముల మీద, వడ్రంగి పనిలో, తోటలలో కష్టపడు ఖైదీలు ఎందరో ఉన్నారు. వారి చెమటకు ఎంత కూలి ఇవ్వవలెను? ఈ ప్రశ్న మన దేశములో నడచిన దారిని ఈ దినము చూచెదము.

1860 నాటి భారత శిక్షాస్మృతిలో కారాగార శిక్ష రెండు విధములు. సాధారణ శిక్షలో నిర్బంధము మాత్రమే. కఠిన శిక్షలో దానికి తోడు కష్టమైన పని. పనియే శిక్షయైనప్పుడు దానికి కూలియేమిటి అన్న తలంపు అక్కడనుండియే బలపడినది.

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, 23వ అధికరణములో వెట్టిచాకిరిని నిషేధించినది. కనీస వేతనముకంటె తక్కువ ఇచ్చి పని చేయించుట కూడ బలవంతపు చాకిరియేనని 1982లో ఢిల్లీ ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. మరి ఖైదీ సంగతి ఏమిటి? 1983లో కేరళ హైకోర్టు, ఆ తరువాత మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఖైదీల పక్షమున తీర్పులిచ్చినవి.

చివరకు 1998 సెప్టెంబరు 24న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినది. కఠిన శిక్ష పడినవానిచేత పని చేయించుట తప్పు కాదు, అయితే న్యాయమైన కూలి ఇవ్వవలెను అన్నది. కూలిని నిర్ణయించునప్పుడు తిండి, బట్టల ఖర్చును లెక్కలోనికి తీసికొనవచ్చును. నష్టపోయిన బాధితులకు ఆ కూలిలో ఒక భాగము చేరునట్లు చట్టము చేయుమని కూడ రాష్ట్రములకు చెప్పినది.

"బయట నీతిగా బ్రతుకువానికే కూలి చాలనప్పుడు, ప్రాణము తీసినవానికి జీతమా?" అని మీరు అడుగవచ్చును. తండ్రిని పోగొట్టుకొన్న పిల్లలు అడిగినయెడల మనము తేలికగా జవాబు చెప్పలేము. అయితే ఆ పిల్లలకు ఏమైనను ముట్టవలెనన్నను ఖైదీ చేతిలో కూలి ఉండవలెను గదా! జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇచ్చెదనన్నాడు. అతనియొద్ద ఇచ్చుటకు ధనమున్నది. అరకొర కూలి పొందు ఖైదీ బాధితునికి ఏమి ఇయ్యగలడు? ఏ పాపము చేయని తన భార్యాబిడ్డలకు ఏమి పంపగలడు?

సహోదరీ సహోదరులారా, కూలి పెంచుట నేరమునకు బహుమానము కాదు. తన అప్పు తాను తీర్చుకొనుటకు నేరస్థునికి ఇచ్చు అవకాశము అది. ఆ కూలిలో బాధితుని పాలు మరువక అడుగుదము. ఖైదీ పాలు కూడ మరువకుందము.