అమ్మమ్మ నడిచిన దారి

మా వైపు ఒకప్పుడు పక్కూరికి వెళ్లినంత తేలిగ్గా రంగం వెళ్లేవారు. రంగం అంటే బర్మాలోని రంగూన్. అక్కడి రేవులో మూటలు మోసేదీ, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చేదీ చాలావరకు మన తెలుగువాళ్లే. మన కోరంగి రేవు పేరుమీద వాళ్లని అక్కడ కోరంగీలనేవారు. మా అమ్మమ్మ తండ్రి కూడా అలా వెళ్లినవాడే.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేసేనాటికి అమ్మమ్మకు పదేళ్లు. ప్రోమ్ పట్నం చేరి, అక్కణ్ణుంచి తవుంగప్ కనుమ దాటి సముద్రం ఒడ్డుకి నడక. తర్వాత పడవల్లో చిట్టగాంగు. దారంతా దాహం, కలరా. అలా రకరకాల దారుల్లో నాలుగు లక్షలమంది దాకా మన దేశం చేరారు. దారిలో రాలిపోయినవాళ్లు వేలకొద్దీ.

తీరా విశాఖపట్నం వచ్చి ఊపిరి పీల్చుకున్నారో లేదో, 1942 ఏప్రిల్ 6న ఇక్కడా జపాను బాంబులు పడ్డాయి! జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగులు తీస్తుంటే, అమ్మమ్మ మాత్రం "నేనింక నడవను" అని వీధరుగు మీద చతికిలబడిందట. ఆ మాట చెప్పి తనే నవ్వేది. మేమూ నవ్వేవాళ్లం.

అమ్మమ్మ పోయి పదేళ్లయింది. ఈమధ్య ఆ కథని పది పన్నెండేళ్ల పిల్లల కోసం నవలగా రాద్దామని కూర్చున్నాను. హిట్లర్ ధాటికి 1933లో చిన్నతనంలోనే బెర్లిన్ విడిచిన జుడిత్ కెర్, తన కథని 1971లో పిల్లల నవలగా రాసింది. అందులో పాప ఇంట్లో వదిలేసి వచ్చింది ఒక కుందేలు బొమ్మని. అటువంటి చిన్న వస్తువేదైనా మన కథలోనూ ఉంటే బావుండునని వెతుక్కున్నాను.

రాసినంతవరకూ ఆరో తరగతి చదివే మా అమ్మాయికిచ్చాను. అది చదివి, "ప్రోమ్‌లో నలుగురున్నారు, పడవలో ముగ్గురే ఉన్నారేం? తాతమ్మ తమ్ముడేడీ?" అంది.

నా గుండె ఝల్లుమంది. అమ్మమ్మ ఎప్పుడు చెప్పినా ప్రోమ్ దాకా తమ్ముడుండేవాడు, ఆ తర్వాత ఉండేవాడు కాడు. ఇన్నేళ్లలో మాలో ఒక్కరం లెక్కపెట్టలేదు! అమ్మకి ఫోను చేశాను. "కనుమలో కలరా వచ్చి పోయాడట. పేరు నాకూ తెలీదే. అడిగితే ఏడుస్తుందని అడగలేదు" అంది.

పిల్లలు భయపడతారని చావుని దాచబోయాను. దాచలేదని తెలిస్తేనే వాళ్లు మనల్ని నమ్ముతారు కాబోలు. "వాడికో పేరు పెట్టమ్మా" అంది మా అమ్మాయి. ఆ అధ్యాయం మళ్లీ మొదలుపెట్టాను.

1964లో బర్మా ప్రభుత్వం వ్యాపారాలన్నీ జాతీయం చేశాక తిరిగొచ్చిన కుటుంబాల గుర్తుగా మా ఊళ్లో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఉంది. ఆనాటి పిల్లలు ఇప్పుడు అమ్మమ్మలూ తాతయ్యలూ. అటువంటి పెద్దలు మీ ఇంట్లోనూ ఉంటే, వచ్చినవాళ్ల సంగతే కాదు, రానివాళ్ల సంగతి కూడా అడగండి. పేర్లతో సహా.