ఉప్పుమడిలో ఎండ, పెరటిమడిలో ఎండ

భావనపాడు వైపు వెళ్ళినవారికి నౌపడ ఉప్పుమళ్ళు పరిచితమే. మడిలో ఉప్పునీరు పెడతారు. ఎండ ఆ నీటిని హరించి ఉప్పును మిగులుస్తుంది. అదే ఎండ చేత పెరట్లో కలుపును చంపించే పద్ధతి ఒకటున్నది. అక్కడ తేమ పోవాలి, ఇక్కడ తేమ నిలవాలి. ఈ పద్ధతి చరిత్ర అంతా ఈ ఒక్క భేదంలోనే ఇమిడి ఉన్నదని నాకనిపిస్తుంది.

ఎండ బలం మన రైతులకు కొత్తగా తెలిసినది కాదు. వేసవి దుక్కి అందుకే దున్నేవారు. రోళ్ళు పగిలే ఎండకు, పైకి తేలిన తుంగగడ్డలు ఎండి చస్తాయి. కానీ కలుపు విత్తనాలు అంత సులువుగా చావవు. పొడిగా ఉన్న విత్తనం నిద్రపోతున్న ప్రాణి. ఎంతో వేడిని ఓర్చుకుంటుంది. తడిసి మేల్కొన్నదా, అంతకన్నా తక్కువ వేడికే నశిస్తుంది.

1930వ దశకంలో పంజాబులో లూత్రా అనే శాస్త్రజ్ఞుడు ఈ కిటుకునే గోధుమపై ప్రయోగించాడు. కాటుక తెగులు కలిగించే శిలీంధ్రం గింజ లోపల నిద్రాణమై ఉంటుంది. గింజలను కొన్ని గంటలు నానబెట్టి మండుటెండలో ఆరబోస్తే, మేల్కొన్న శిలీంధ్రం చచ్చి గింజ బతికింది.

నేలకు కూడా ఇదే వైద్యం చేయాలంటే తేమను పోనివ్వని మూత కావాలి. ఆ మూత, 1933లో ఇంగ్లండులో అనుకోకుండా పుట్టిన పాలిథీన్. తడినేలపై పారదర్శకమైన పాలిథీన్ పరచి ఎండకు వదిలితే నేలలోని తెగుళ్ళు అదుపులోకి వస్తాయని ఇజ్రాయెల్‌లో యాకోవ్ కటాన్, ఆయన సహచరులు 1976లో ప్రకటించారు. కలుపు కూడా తగ్గుతుందని తేలింది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో 1980వ దశకంలో కంది, శనగ మళ్ళపై ఈ పరీక్షలు జరిగాయి.

పెరట్లో చేయదలచిన మిత్రులకు రెండు మాటలు. మడిని చదును చేసి, బాగా తడిపి, పలుచని పారదర్శకమైన పాలిథీన్‌ను నేలకు అంటేలా పరచి, అంచులను మట్టిలో పూడ్చాలి. సముద్రపు గాలి వీచే ఊళ్ళలో ఈ పూడ్చడమే ముఖ్యం. నల్ల పట్టా అయితే ఎండను తానే పీల్చుకుంటుంది. నేల అంతగా కాగదు. ఏప్రిల్, మే నెలల్లో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే పైపొర యాభై డిగ్రీల దాకా కాగుతుంది. తరువాత మట్టిని లోతుగా తిరగవేయరాదు. అడుగున బతికిన విత్తనాలు పైకి వస్తాయి.

అయితే లోతున ఉన్న తుంగగడ్డ ఈ మూతకు లొంగదు. దానికి తాతలనాటి పొడి ఎండే మందు. విత్తనానికి తడి ఎండ, గడ్డకు పొడి ఎండ. కనుక ముందు దుక్కి, తరువాత మూత. కొత్త విద్య పాతదాన్ని కొట్టివేయలేదు. అది చేయలేని పనిని మాత్రమే చేసింది. పాతది చేయలేని పని కొత్తదానికి అబ్బినట్లే, కొత్తదానికి పాతదెరుగని దోషమూ ఒకటి అబ్బింది. ఎండకు పెళుసెక్కిన పాలిథీన్‌ను చినగకముందే తీసి భద్రపరచకపోతే, ఆ పీలికలు చివరికి చేరేది సముద్రానికే. వేసవి దుక్కి వెనుక ఏ చెత్తా మిగిలేది కాదు.