తూటా కొలత – సేనాని నిర్ణయము

జరిగిన దానిని మార్చలేము గాని, జరుగక తప్పిపోయిన దానిని ఊహించి చూచుట వలన జరిగిన దాని విలువ తెలియును. పదాతిసైనికుని తూటా ఎంత లావుండవలెనను ప్రశ్న 1932లో అమెరికా సైన్యమునకు ఎదురైనది.

మసాచుసెట్సులోని స్ప్రింగ్‌ఫీల్డు ఆయుధశాలలో జాన్ గారండ్ అను యంత్రశిల్పి, పేలిన వెంటనే తనంత తానే మరల నిండు తుపాకిని నిర్మించెను. అది జాన్ పెడర్సన్ రూపొందించిన 0.276 అంగుళముల తూటాలను ఒకసారికి 10 పట్టెడిది. సైన్యపు పాత తూటా 0.30 అంగుళములు. భేదము కంటికి ఆనదు; అయినను చిన్నది తేలిక, భుజమునకు తాకుడును తక్కువ. 1928లో మత్తుమందిచ్చిన పందులపై కాల్చి చూడగా (ఆ మూగజీవుల గోడు అటుంచుదము) చిన్నది పెద్దదానికి తీసిపోలేదు. పరీక్షాసంఘము చిన్నదానినే సిఫారసు చేసెను.

సైన్యాధిపతి డగ్లస్ మెకార్థర్ ఒప్పుకొనలేదు. అది ఆర్థికమాంద్య కాలము. గిడ్డంగుల నిండ పాత తూటాలు. మరతుపాకులును ఆ కొలతవే. గారండ్ తన తుపాకిని మార్చెను. 10 తూటాలు 8 ఐనవి. 1936లో అదియే 'ఎం-1' పేర సైన్యమున చేరెను.

మెకార్థర్ సరే యని యుండినచో? 1942లో ఆతని సేన చిక్కిన బటాన్ ముట్టడిని తలచుకొందము. అమెరికా దళములలో ఎం-1లు గలవు. ఫిలిప్పీను సైనికులలో పెక్కుమందికి మొదటి ప్రపంచయుద్ధము నాటి ఎన్‌ఫీల్డులు. రెంటికిని తూటా ఒక్కటే. కొలతలు రెండైనచో, ఒక కందకములోని పెట్టె ప్రక్క కందకమునకు అక్కరకు రాకపోయెడిది. ఆ నిర్ణయమును వట్టి పిసినారితనమని మనము త్రోసివేయలేము.

యుద్ధము ముగిసిన పిమ్మట లెక్క మారినది. 1951లో బ్రిటను ఇంచుమించు పెడర్సన్ కొలతకే వచ్చి, ఇ.ఎం.-2 తుపాకిని ఎన్నుకొన్నది. అమెరికా మరల కాదన్నది. 1932లో ఔనని యుండినచో ఆ కొలత అప్పటికే దాని సొంతమై, మిత్రులకును ఉమ్మడి యై యుండెడిదని మా తలంపు. జరిగినది వేరు. పాత లావు గల 7.62 మిల్లీమీటర్ల తూటాయే నాటో ప్రమాణమైనది. 1962 యుద్ధము పిమ్మట ఇషాపూరులో తయారై మన జవానుల చేతికి వచ్చిన ఎస్.ఎల్.ఆర్. తుపాకి కొలతయు అదియే. పట్టుబట్టి దానిని నిలిపిన అమెరికాయే 1960లలో, వియత్నాము యుద్ధకాలమున, 5.56 మిల్లీమీటర్లకు దిగినది.

2022లో అమెరికా సైన్యము 6.8 మిల్లీమీటర్ల తుపాకిని ఎన్నుకొన్నది. కొలత గారండ్ తొలి తుపాకికి చేరువ. మందు మాత్రము దానికన్న మిక్కిలి తీవ్రము.