ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్

ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్ 1990లో అమెరికాకు చెందిన లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ సంస్థ విడుదల చేసిన కంప్యూటర్ ఆట. తెరపై కనిపించే వస్తువులను, మనుషులను మౌస్‌తో ఎంచుకొని కథను ముందుకు నడిపించే "పాయింట్ అండ్ క్లిక్" సాహస క్రీడలలో ఇది అత్యంత ప్రసిద్ధమైన వాటిలో ఒకటి. దీని ప్రధాన రూపకర్త రాన్ గిల్బర్ట్. టిమ్ షేఫర్, డేవ్ గ్రాస్‌మన్ ఆయనకు సహ రచయితలు.

నేపథ్యం

1980లలో వచ్చిన సాహస క్రీడలలో కథానాయకుడు చీటికీ మాటికీ మరణించేవాడు. ఆరంభంలో ఒక వస్తువును తీసుకోవడం మరచితే ఆట చివర దారి మూసుకుపోయేది. ఈ పద్ధతిని విమర్శిస్తూ గిల్బర్ట్ 1989లో ఒక వ్యాసం రాశాడు. ఆటగాడిని అకారణంగా శిక్షించరాదనీ, చిక్కుముడికి పరిష్కారం తెలిసిన తరువాత అది న్యాయంగానే ఉన్నదని అతనికి తోచాలనీ ఆయన వాదించాడు. ఆ సూత్రాలకు ఈ ఆట ఉదాహరణగా నిలిచింది.

కథాసంగ్రహం

గైబ్రష్ త్రీప్‌వుడ్ అనే అమాయక యువకుడు సముద్రపు దొంగ కావాలనే కోరికతో కరీబియన్ సముద్రంలోని మెలే ద్వీపానికి వస్తాడు. కత్తిసాము, దొంగతనం, నిధి అన్వేషణ అనే మూడు పరీక్షలలో నెగ్గాలని అక్కడి పెద్దలు అతనికి చెబుతారు. ఈ ప్రయత్నంలోనే గవర్నరు ఎలేన్ మార్లీతో అతనికి పరిచయమవుతుంది. లీచక్ అనే దొంగ ప్రేతం ఆమెను ఎత్తుకుపోగా, గైబ్రష్ ఒక ఓడను సంపాదించి మంకీ ద్వీపానికి బయలుదేరుతాడు.

ఆడే విధానం

తెర అడుగుభాగాన "తెరువు", "ఇవ్వు", "మాట్లాడు" వంటి అర్థాలనిచ్చే క్రియాపదాలు ఉంటాయి. క్రియను, ఆపై వస్తువును నొక్కితే ఒక ఆజ్ఞ తయారవుతుంది. 1987 నాటి మ్యానియాక్ మ్యాన్షన్ అనే ఆట కొరకు రూపొందించిన "స్కమ్" వ్యవస్థ దీనికి ఆధారం.

ఒక ఘట్టంలో గైబ్రష్‌ను బరువైన విగ్రహానికి కట్టి నీటిలో పడవేస్తారు. చుట్టూ పదునైన ఆయుధాలెన్నో ఉన్నా ఒక్కటీ చేతికందదు. తనను ముంచుతున్న విగ్రహాన్నే ఎత్తుకొని పైకి నడచి రావడం ఇక్కడి పరిష్కారం. అతడు పది నిమిషాలు ఊపిరి బిగబట్టగలడు. ఆ గడువు దాటితే మాత్రం మరణిస్తాడు. ఆటలో అతనికి మరణం సంభవించేది ఇక్కడొక్కచోటే.

మాటల కత్తియుద్ధం

ఈ ఆటకు విశేషమైన పేరు తెచ్చినది కత్తియుద్ధం. ఇందులో గెలుపు చేతివాటంపై గాక మాటకారితనంపై ఆధారపడుతుంది. ఒకరు దెప్పిపొడిస్తే రెండవవారు దానికి తగిన సమాధానం చెప్పాలి. ఆటగాడు మొదట ఓడిపోతూ, ఎదుటివారి నోట విన్న మాటలనే నేర్చుకుంటాడు. చివరకు కార్లా అనే కత్తిసాము నిపుణురాలితో తలపడినప్పుడు ఆమె అన్నీ కొత్త ఎత్తిపొడుపులే వేస్తుంది. పాత సమాధానాలలో కొత్తదానికి అతికేది ఏదో ఆలోచించి చెప్పాలి. కేవలం కంఠస్థం చేసినవాడికి ఇక్కడ విజయం దక్కదు. ఈ దెప్పుమాటల రచనలో నవలా రచయిత ఆర్సన్ స్కాట్ కార్డ్ కూడా పాలుపంచుకున్నాడు.

పునర్దర్శనం, పరిరక్షణ

తొలి ఫ్లాపీ ప్రతులతోపాటు రెండు కాగితపు చక్రాలు ఇచ్చేవారు. వాటిని తిప్పి దొంగ ముఖాన్ని సరిపోల్చి, అక్కడ కనిపించే సంవత్సరాన్ని టైపు చేస్తేనే ఆట మొదలయ్యేది. దొంగప్రతులను అరికట్టడానికి చేసిన ఈ ఏర్పాటు వలన, చక్రం పోగొట్టుకొంటే కొనుక్కున్నవారు కూడా ఆడలేకపోయేవారు. పైగా కాలక్రమంలో కొత్త కంప్యూటర్లపై పాత ఆటలు పనిచేయడం కష్టమైంది. 2001లో ప్రారంభమైన "స్కమ్‌విఎమ్" అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మూల ఫైళ్ళను చదివి, ఈ ఆటను నేటి యంత్రాలపై నడిపించగలిగింది.

2009లో లూకాస్‌ఆర్ట్స్ సంస్థ కొత్త చిత్రాలు, గాత్రాలతో ప్రత్యేక ప్రతిని విడుదల చేసింది. ఒక మీట నొక్కితే అదే సన్నివేశం 1990ల నాటి రూపంలో ప్రత్యక్షమవుతుంది. చిత్రాలు ఎంత మారినా చిక్కుముడులు, హాస్యం యథాతథంగా నిలిచి ఉండడాన్ని ఆ ప్రతిలో స్వయంగా పోల్చి చూడవచ్చు.

గిల్బర్ట్, గ్రాస్‌మన్ కలిసి రూపొందించిన రిటర్న్ టు మంకీ ఐలాండ్ 2022లో వెలువడింది.

ఇవి కూడా చూడండి

మ్యానియాక్ మ్యాన్షన్
లూకాస్‌ఆర్ట్స్
స్కమ్‌విఎమ్