తలలు లెక్కపెట్టిన రాత్రి

1930 మే 5. సోలాపూర్‌లో పొద్దెక్కకముందే గోడలు వేడెక్కే రోజులు. సాఖర్‌పేట, పాచ్ఛాపేట సందుల్లో మగ్గాలు అప్పటికే ఆడుతున్నాయి. వార్త వీధి మొదట్లోంచి చివరికి పాకింది. గాంధీని పట్టుకుపోయారు. అర్ధరాత్రి. గుజరాత్‌లో కరాడీ అనే పల్లెలో, పడుకున్న మనిషిని లేపి మరీ. ఒక ఇంట్లో నాడె ఆగింది. పక్కింట్లో ఇంకోటి. కాసేపటికి ఆ సందుల్లో ఎన్నడూ వినపడని చప్పుడు వినపడింది. మనుషుల మాటలు.

హర్తాళ్ మొదలైంది. ముందు దుకాణాలు మూశారు. ఆ తర్వాత మిల్లులు. మిల్లు భోంగా కూతతో నిద్రలేచి, భోంగా కూతతో అన్నం తిని, భోంగా కూతతోనే మంచమెక్కే ఊరికి పొద్దు ఎంతయిందో తెలియకుండా పోయింది. మునిసిపాలిటీ భవనం మీద మాత్రం నెలనాడు, ఏప్రిల్ 6న, ఎగరేసిన మూడు రంగుల జెండా అలాగే ఉంది. దాన్ని దించమని చెప్పడానికి ఇంకా ఎవరూ రాలేదు.

మే 8. మిట్టమధ్యాహ్నం. రూపాభవాని గుడి దిక్కుగా జనం కదిలారు. చేతుల్లో గొడ్డళ్లు. కొట్టాల్సింది మనుషుల్ని కాదు, ఈత చెట్లను. కల్లు మీద వచ్చే పైసలు సర్కారు ఖజానాకు పోతాయి కాబట్టి చెట్టును కొడితే సర్కారును కొట్టినట్టే. దెబ్బ పడింది. చెట్టు ఒరిగింది. ఇంకోటి. పోలీసులు వచ్చి కొందరిని పట్టుకున్నారు. మిగతావాళ్లు పోలీసులనే చుట్టుముట్టారు. మావాళ్లను వదలండి. వదలం. కలెక్టర్ నైట్ వచ్చాడు. ఎండ నెత్తిన పొడుస్తోంది, గొంతులు ఎండిపోయాయి, మరాఠీలో ఒక తిట్టు, తెలుగులో ఒకటి, కన్నడలో ఒకటి, ఉర్దూలో ఒకటి ఒక్కసారే లేచాయి, జెండా పట్టుకున్న ఒక కుర్రాడు ముందుకు అడుగేశాడు. పేరు శంకర్ శివదారే. తుపాకీ పేలింది.

అంతే. ఇక ఊరు ఊరులా లేదు. మంగళవార్‌పేట పోలీసు చౌకీ మీదికి జనం ఎగబడ్డారు. మంటలు లేచాయి. ఇద్దరు పోలీసులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కోర్టు తగలబడింది. తెల్లారి చూస్తే వీధుల్లో ఖాకీ బట్ట కనపడలేదు.

ఎవరీ జనం? ఇందులో సగం మంది తాతలు ఈ ఊరి మొహం కూడా చూసినవాళ్లు కాదు.

రైలు 1860లో వచ్చింది. మిల్లు 1877లో వచ్చింది. ముంబైకి చెందిన మొరార్జీ గోకుల్‌దాస్ పెట్టిన సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లును ఊరు జునీ మిల్లు, అంటే పాత మిల్లు, అని పిలుచుకుంది. సరిగ్గా అదే కాలంలో, 1876 నుంచి రెండేళ్లు, దక్కన్ మీద కరువు పడింది. నైజాం ఇలాకాలో, కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు పల్లెల్లో, నేసిన చీర కొనేవాడు లేడు. మిల్లు బట్ట చవక. పద్మశాలీలు మగ్గం విప్పి, పన్నె బట్టలో చుట్టి, పిల్లలను చంకనేసుకుని పడమటి దారి పట్టారు. తమ చేతిపనిని దెబ్బకొట్టిన మిల్లు దగ్గరికే వచ్చి చేరారు. అక్కడ నూలు ఉంది. అక్కడే జీతమూ ఉంది. మగవాడు మిల్లులో షిఫ్టు చేస్తే, ఇంట్లో మగ్గం మీద మిగతావాళ్లు కూర్చోవచ్చు. ఇంతకన్నా వివరమైన పథకం ఎవరి దగ్గరా లేదు.

1901లో ఊరి జనం 75,288. 1921 వచ్చేసరికి లక్షా 19 వేలు దాటింది. పురుళ్లతో పెరిగే లెక్క కాదది. నెల నెలా ఎవరో ఒకరి మేనమామ, బావమరిది, పక్కూరి పాలివాడు దిగుతూనే ఉన్నాడు. వచ్చినవాడికి మొదటి రాత్రి పడక మగ్గం గుంట పక్కన. మరుసటి రోజు కండెలు చుట్టే పని. మూడోనాటికి అతనూ సోలాపూర్‌వాడే.

ఆ సోలాపూర్‌వాళ్లే ఇప్పుడు పోలీసు లేని వీధిలో నిలబడ్డారు.

మే 9. 10. 11. కూడళ్లలో కాంగ్రెస్ వాలంటీర్లు నిలబడి బండ్లను అటూ ఇటూ పంపించారు. ఊరిని జనమే కాచుకున్నారు. లక్షకు పైగా మనుషులున్న, నాలుగు భాషల, అయిదు మిల్లుల ఊరు తెల్లదొర లేకుండా మూడు పగళ్లు గడిపింది. దేశంలో మరే ఊరూ ఆ వేసవిలో ఈ పని చేయలేదని సోలాపూర్‌వాళ్లు ఇప్పటికీ గట్టిగా చెబుతారు. చెప్పనివ్వండి, హక్కు ఉంది. కానీ ఆ మూడు రోజులూ అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. సైన్యం వస్తుంది.

మే 12న వచ్చింది. మార్షల్ లా. జెండా కనపడితే నేరం. గాంధీ టోపీ నెత్తిన ఉంటే నేరం. తుల్సీదాస్ జాధవ్ అనే యువకుడు టోపీ తీయనన్నాడు, దెబ్బలు తిన్నాడు, అయినా తీయలేదు. పేటల్లో బూట్ల చప్పుడు. తలుపు సందుల్లోంచి చూసే కళ్లు. జూన్ 30 దాకా అదే బతుకు. ఈలోగా ఒక్కొక్కరినీ ఏరుకుపోయారు. చౌకీ దగ్గర పోలీసుల హత్య కేసులో చివరికి నాలుగు పేర్లు మిగిలాయి. మల్లప్ప ధన్‌శెట్టి. శ్రీకిసన్ సార్డా. జగన్నాథ్ శిందే. గజనఫర్ అనే పత్రిక నడుపుతూ మిల్లు కార్మికుల పక్షాన మాట్లాడిన అబ్దుల్ రసూల్ కుర్బాన్ హుసేన్. నాలుగూ ఉరిశిక్షలే.

తేదీ ఒక్కటే తేలాలి.

ఇక్కడ సర్కారుకు ఇంకో పని తోసుకొచ్చింది. పదేళ్లకోసారి చేసే జనాభా లెక్క. ఫిబ్రవరి 26 రాత్రి, దేశమంతా ఒకే రాత్రి, ఇల్లిల్లూ తట్టి తలలు రాసుకోవాలి. అందుకోసం ముందుగానే గుమ్మాల మీద నంబర్లు వేశారు. కాంగ్రెస్ అడ్డం తిరిగింది. పరాయి సర్కారుకు మన తలల లెక్క ఎందుకివ్వాలి? 1931 జనవరి 11, ఆదివారం, జనగణన బహిష్కరణ దినం అని పిలుపిచ్చింది.

ఆదివారం గడిచింది. సోమవారం తెల్లారింది. జనవరి 12. పుణెలోని యరవాడ జైలు. నాలుగు ఉరితాళ్లు.

లెక్కలు రాసేవాళ్లు సోలాపూర్ రావడానికి ఇంకా ఆరు వారాల పైచిలుకే ఉంది.

ఫిబ్రవరి 26. చలి వెనక్కి తగ్గి, రాత్రి గాలి పల్చగా ఉండే రోజులు. గాంధీ అప్పటికి జైలు నుంచి బయటికొచ్చి నెల. ఢిల్లీలో వైస్రాయ్ ఇర్విన్‌తో మాటలు నడుస్తున్నాయి. ఇక్కడ పేటల్లో చేతిలో లాంతరు, చంకలో కాగితాల కట్టతో ఒక గుమాస్తా గుమ్మం ముందు ఆగుతాడు. నంబరు చూసుకుంటాడు. తలుపు కొడతాడు. లోపల మగ్గం ఆగుతుంది.

"ఎందరున్నరు ఇంట్ల?"

తలుపు వెనక నుంచి వెంటనే మాట రాదు. మే నెలలో ఇదే తలుపును బూటు కాలు కొట్టింది. అప్పుడు కూడా ఇలాగే ఎందరున్నారనే అడిగారు. ఈ కాగితంలో రాసిన పేరు రేపు ఏ చౌకీకి పోతుంది? పన్ను వేయడానికా? పట్టుకుపోవడానికా?

"ఏం పని? ఏం జాతి? ఇంట్ల ఏం మాట్లాడతరు?"

ఆఖరి ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పక్కర్లేదు. లోపల ఏడుస్తున్న పిల్లను ఊరుకోబెడుతున్న గొంతు ఏ భాషో గుమాస్తాకు వినపడుతూనే ఉంది. అతను రాసుకుంటాడు. పక్క నంబరుకు నడుస్తాడు.

అహ్మదాబాద్‌లో బహిష్కరణ గట్టిగానే తగిలింది. సోలాపూర్ పట్టికలో లక్షా 44 వేలకు పైగా తలలు తేలాయి. వాళ్లలో ఉరికంబమెక్కిన ఆ నలుగురు లేరు. మరో వారానికి, మార్చి 5న, గాంధీ, ఇర్విన్ సంతకాలు పెట్టారు. అప్పటికి ఈ ఊళ్లో భోంగా ఎప్పటిలాగే కూస్తోంది.

తర్వాతి ముప్పై ఏళ్లు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మిల్లులు నడిచాయి, మనుషులు వచ్చారు. 1964 మే 1న మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది. ఆ దశకంలోనే జునీ మిల్లు మూతపడింది. వేల మంది గేటు బయట నిలబడ్డారు. తాళం వేసిన గేటు. ఇక ఈ జనం తిరుగుదారి పట్టాలి కదా?

పట్టలేదు. మిల్లులు పోతే సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, వచ్చాయి. అప్పు చేసి రెండు, చీటీ ఎత్తి ఇంకో రెండు. పాత పేటల్లో సాంచా పెట్టేంత జాగా లేదు, పెడితే పక్కింటి గోడ అదురుతుంది. అందుకే ఊరు తూర్పుకు జారింది. అక్కల్‌కోట్ రోడ్డు, హైదరాబాద్ రోడ్డు. నీలం నగర్, విణకర్ వసాహత్, కుచన్ నగర్. నీలం నగర్ సందులో నిలబడితే ముందు కాళ్లకు తెలుస్తుంది, నేల సన్నగా వణుకుతుంటుంది. తర్వాత చెవికి. ధడ్ ధడ్ ధడ్. ముందు గదిలో సాంచాలు, వెనక గదిలో సంసారం, మధ్యలో తలుపుకు వేలాడే గుడ్డ. నూనె వాసన, పిండి పెట్టిన నూలు వాసన, పొయ్యి మీద జొన్నరొట్టె వాసన. గాలిలో తేలే దూది పీచు కనురెప్పల మీద వాలుతుంది. అరుగు మీద ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, జర్దా పోసి, వేళ్లు కనపడనంత వేగంగా బీడీలు చుడుతుంటారు. లోపల జాకార్డ్ మీద నెమళ్లు, పూలు దిగిన చాదర్ అంగుళం అంగుళం బయటికొస్తుంది. మాట తెలుగే, కానీ జీతాన్ని పగార్ అంటుంది, షిఫ్టును పాళీ అంటుంది.

ఓట్ల పెట్టె దగ్గర ఈ జనం బరువెంతో ఢిల్లీకి తెలిసింది. 1980, 1984లో గంగాధర్ కుచన్. 1989, 1991లో ధర్మన్న సాదుల్. 1996లో లింగరాజ్ వల్యాల్. వరసగా అయిదు ఎన్నికలు, మహారాష్ట్రలోని ఒక లోక్‌సభ సీటు తెలుగు పద్మశాలీల చేతిలోనే ఉంది. పార్టీ మారింది, ఇంటిభాష మారలేదు. అసెంబ్లీకైతే ఎర్రజెండా పట్టుకుని ఆడం మాస్తర్, అంటే నర్సయ్య ఆడం, మూడుసార్లు గెలిచాడు. అంత బలం ఉండీ ఇళ్లలోకి మురికి నీళ్లు వచ్చే రోజులు మాత్రం పోలేదు.

1992లో కార్పొరేషన్ తన హద్దులను పెంచింది. హద్దవాఢ్ అంటారు ఇక్కడ. అంతకుముందు ఏడాది లెక్కలో 6 లక్షల పైచిలుకు ఉన్న ఊరు 2001లో 8 లక్షల 72 వేలయింది. అంతా కొత్తగా వచ్చినవాళ్లు కాదు. చాలామంది ఉన్నచోటే ఉన్నారు, ఊరే వాళ్ల దగ్గరికి నడిచొచ్చింది. 2011లో 9 లక్షల 51 వేలు. పదేళ్లలో పెరిగింది 79 వేలే. మనుషులు రావడం తగ్గిపోయిందని ఈ అంకె చెబుతోంది. 1990లలో లక్ష్మీ-విష్ణు మిల్లు కూడా చల్లబడింది. పానిపట్‌లో చవకగా నేసిన దుప్పటి సోలాపూర్ పేరుతోనే బజారుకు వచ్చింది. భౌగోళిక గుర్తింపు కాగితం సోలాపూర్‌దే, గిరాకీ పానిపట్‌ది. ఇంజినీరింగ్ చదివిన పిల్లలు పుణె రైలెక్కుతున్నారు.

ఉన్నవాళ్లు మళ్లీ హద్దు దాటుతున్నారు. ఈసారి ఇంటి కోసం. ఊరి బయట కుంభారిలో ఆడం మాస్తర్ పోరాడి బీడీ కార్మిక మహిళలకు పదివేల ఇళ్లు కట్టించాడు, 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి అప్పగించాడు. 2024 జనవరి 19. అదే కుంభారి. రాయ్‌నగర్. 30 వేల ఇళ్ల కాలనీలో మొదటి 15 వేలు సిద్ధం. సాంచా కార్మికులు, బీడీ ఆడవాళ్లు, చెత్త ఏరేవాళ్లు, డ్రైవర్లు. వేదిక మీద ప్రధాని మోదీ మాట్లాడుతూ, చిన్నప్పుడు తనకూ ఇలాంటి ఇల్లు దొరికి ఉంటే అన్నాడు. గొంతు పూడుకుపోయింది. కాసేపు ఆగాడు. ఎర్రజెండా కట్టించిన కాలనీ, కాషాయ జెండా ప్రధాని. జనం తాళంచెవి వంక చూశారు.

ఇప్పుడు చిక్కు వచ్చింది. కుంభారి కార్పొరేషన్‌లో లేదు. గ్రామ పంచాయతీ. ఒక పట్నానికి సరిపడా మనుషులు కాగితం మీద పల్లెలో ఉన్నారు. 2021లో జరగాల్సిన లెక్క వాయిదా పడి పడి 2027 మార్చి 1కి చేరింది. అప్పుడు సోలాపూర్ పెరిగినట్టా, తరిగినట్టా?

నీలం నగర్‌లో రాత్రి పాళీ మొదలయ్యే వేళ. చేతిలో డబ్బా, భుజం మీద తువ్వాలతో ఒకాయన కార్ఖానా గడప దగ్గర చెప్పులు విడుస్తున్నాడు. ఇల్లు కుంభారిలో, సాంచా ఇక్కడ.

"మామా, లెక్కోళ్లు వస్తే నువ్వు ఏడ ఉన్నట్టు రాపిస్తవు?"

ఆయన తల కూడా తిప్పలేదు.

"పొద్దుగాల వస్తే కుంభారిల పండుకొని ఉంట. రాత్రొస్తే ఈడ సాంచా ముంగల ఉంట. యాడ రాసుకుంటడో వాన్నే రాసుకోమను. ముందుగాల ఆ పేక కండెలు అందుకో, పాళీ టైమైంది."